క్లైంబింగ్ లేన్ మొదట్లో రోడ్డు అంచు ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: శృంగవరపుకోట దాటి అరకు వైపు ఎక్కే ఘాట్ రోడ్డు లాంటి ఒక రోడ్డును సాధన కోసం సివిల్ 3డి అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. 5 శాతం ఎత్తుబడి 900 మీటర్ల పొడవునా ఉంది. ఆ పొడవు మొత్తానికీ లారీల కోసం ఎడమవైపు 3.5 మీటర్ల అదనపు లేన్ (క్లైంబింగ్ లేన్) ఇస్తూ, వేరే అసెంబ్లీతో (రోడ్డు అడ్డుకోత నమూనాతో) చైనేజీ 1,240 నుంచి, అంటే రోడ్డు వెంట 1,240 మీటర్ల దగ్గర నుంచి, కొత్త రీజియన్ (ఆ నమూనా వర్తించే భాగం) పెట్టాను. అక్కడ రోడ్డు అంచు ఒక్కసారిగా బయటికి జరిగి, కొండవైపు కోత కూడా మెట్టులా విరుగుతోంది. దీన్ని ఎలా సరిచేయాలి?
— ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మీ అసెంబ్లీలో తప్పు లేదు. లేన్ వెడల్పును సబ్‌అసెంబ్లీలో, అంటే అసెంబ్లీలోని లేన్ ముక్కలో, ఒక స్థిరమైన అంకెగా వదిలేయడమే అసలు కారణం. అంకె ఒక్కటే ఉన్నప్పుడు రీజియన్ మొదటి సెక్షన్ (అడ్డుకోత) నుంచే పూర్తి 3.5 మీటర్లు పడతాయి. సెంటర్‌లైన్ నుంచి ఎడమవైపు ఒక ఆఫ్‌సెట్ అలైన్‌మెంట్ (పక్కగా సాగే సమాంతర గీత) తీసి, దానిలో వైడెనింగ్ (బయటికి జరిగే భాగం) చేర్చి, ఆ గీతను అదనపు లేన్‌కు విడ్త్ టార్గెట్‌గా, అంటే లేన్ అంచు అనుసరించాల్సిన గీతగా, ఇవ్వండి. అప్పుడు లేన్ సున్నా వెడల్పుతో మొదలై క్రమంగా పెరుగుతుంది. షోల్డరు, డ్రెయిన్, కోత దాని వెంటే జరుగుతాయి. రీజియన్ కూడా టేపర్ (వెడల్పు క్రమంగా మారే భాగం) మొదలయ్యే చోటే మొదలు కావాలి.

టేపర్ పొడవుకు అమెరికా రహదారి అధికారుల సంఘం ఆష్టో వారి డిజైన్ పుస్తకం గ్రీన్ బుక్ 25:1 నిష్పత్తిని (మీటరు వెడల్పుకు 25 మీటర్ల పొడవు), కనీసం 90 మీటర్లను సూచిస్తుంది. మీ వెడల్పుకు లెక్క 87.5 మీటర్లే వస్తుంది కాబట్టి 90 తీసుకోండి. ముగింపులో 50:1 చొప్పున 175 మీటర్లు పడుతుంది. పని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణాల కింద జరిగేదైతే మాత్రం ముందు వాటినే చూడాలి.

టార్గెట్ ఇచ్చాక కూడా ఒక చిన్న లోపం మిగులుతుంది, దాన్ని చాలామంది గమనించరు. 1,240 దగ్గర మొదలైన టేపర్ 1,330 దగ్గర ముగుస్తుంది, కాని 25 మీటర్ల ఫ్రీక్వెన్సీలో (సెక్షన్ల మధ్య దూరం) సెక్షన్లు 1,325, 1,350 దగ్గర పడతాయి. మధ్యలో ఉన్న మూల తెగిపోయి, 1,330 దగ్గర లేన్ దాదాపు 16 సెంటీమీటర్లు తక్కువగా వస్తుంది. ఫ్రీక్వెన్సీ అమరికల్లో ఆఫ్‌సెట్ టార్గెట్ జామెట్రీ పాయింట్ల (ఆ గీత మలుపు తిరిగే చోట్ల) దగ్గర సెక్షన్ వేయమని ఎంచుకుని, టేపర్ ఉన్నంత మేర సెక్షన్ల మధ్య 5 మీటర్ల దూరం పెట్టండి.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ 900 మీటర్ల లెక్క. ఎత్తుబడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిస్తే లేన్ కూడా అక్కడే ఉండాలని అనుకోకండి. నిండా లోడున్న లారీ వేగం గంటకు 15 కిలోమీటర్ల మేర తగ్గేసరికి పూర్తి వెడల్పు అందుబాటులో ఉండాలి. శిఖరం దాటి, అది మళ్లీ వేగం పుంజుకున్నాకే లేన్ ముగియాలి. గ్రీన్ బుక్ ప్రకారం ఎక్కే దిశలో గంటకు 200 వాహనాలు, వాటిలో 20 లారీలు మించాలనే షరతులూ ఉన్నాయి. శిఖరం మీదే లేన్ ఆపితే, ఫస్ట్ గేర్‌లో పాకుతున్న లారీ, ఎదురుగా ఏముందో కనిపించని చోట, వేగంగా వస్తున్న కార్ల మధ్యకు దూరాల్సి వస్తుంది. అందుకే ముందు లారీ వేగాన్ని ప్రొఫైల్ (రోడ్డు ఎత్తుపల్లాల గీత) వెంట లెక్కకట్టి, ఆ చైనేజీలతోనే వైడెనింగ్ వేయండి.

చైనేజీ పెరిగే దిశలోనే ఎక్కుతున్నారు కాబట్టి మీ లేన్ అలైన్‌మెంట్‌కు ఎడమన, అంటే మైనస్ ఆఫ్‌సెట్‌లో వస్తుంది. రేపు ఎదురు దిశలో ఎక్కే లేన్ గీయాల్సి వస్తే, అది డ్రైవరుకు ఎడమవైపే ఉన్నా, అలైన్‌మెంట్‌కు కుడివైపు పడుతుంది.