పండగ పూట ఇంటికి ఫోన్ చేసి మాట్లాడకండి

ప్రశ్న: విదేశాల్లో పని చేస్తూ క్రిస్మస్, న్యూ ఇయర్, సంక్రాంతి సెలవులకి ఇంటికి రాలేనివాళ్లు బెంగ లేకుండా పండగ ఎలా చేసుకోవాలి?

పండగ పూట ఇంటికి వీడియో కాల్ చేసి మాట్లాడడం మానెయ్యండి. సగం బెంగ అక్కడే తీరిపోతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా "అదేంటన్నా, మనకి మిగిలింది అదొక్కటే కదా" అంటారు. అందుకే చెబుతున్నాను, ఆ మిగిలిన ఒక్కదాన్నీ పాడుచేసుకోకండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి పక్క పల్లె. మావైపు ఇంటికొకరు బయటే ఉంటారు. వెల్డరో, పైప్ ఫిట్టరో, రిగ్గరో, అదీ కాకపోతే ఓడ మీదో. నేను వెల్డర్‌గా చాలా ఏళ్లు రువైస్‌లో చేశాను. అబుదాబీ నగరానికి పడమటగా 240 కిలోమీటర్లు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక, మధ్యలో రిఫైనరీలు. ఇప్పుడు సోంపేటలో సొంత షాపు పెట్టుకుని గేట్లు, గ్రిల్స్ చేసుకుంటున్నాను.

సెలవులు ఎలా గడపాలని అడిగారు. ముందు సెలవు ఇస్తే కదా గడపడానికి! అక్కడ వేసవిలో ఎండ దెబ్బకి జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పూట ఎండలో పని చెయ్యనివ్వరు. ప్లాంటు ఆపేసి మరమ్మతులు చేసే షట్‌డౌన్లు, నేను చేసినవన్నీ, చలికాలంలోనే పడ్డాయి. పన్నెండు గంటల షిఫ్టు. ఊళ్లో నెలగంట కొట్టే రోజుల్లోనే మాకు నైట్ డ్యూటీల చార్టు అంటించేవారు. పెద్ద పండగ ఉంది సార్ అంటే మా సూపర్‌వైజరు "వచ్చే నెల చేసుకో" అనేవాడు. వెటకారానికి అన్న మాట కాదు. ఆయన తన పండగలన్నీ అలాగే చేసుకునేవాడు, పాపం.

క్రిస్మస్ సంగతి వేరు. క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్లకి సెప్టెంబరు నుంచే క్రిస్మస్ మొదలయ్యేది. ఫోన్లలో ఆ పాటలే, రాత్రయితే కరోకే. మలయాళీ కుర్రాళ్లు కాగితం నక్షత్రం కొని గది గుమ్మానికి కట్టి లోపల బల్బు పెట్టేవారు. మెస్‌లో 25న తలా ఒక కేకు ముక్క. మేం తెలుగువాళ్లం ఆ కేకు తినేసి, ఇక సంక్రాంతికి ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. చేసుకునేవాడికి క్యాంపు అయినా ఒకటే, ఊరయినా ఒకటే. ఈ విషయంలో మనకంటే వాళ్లు నయం. దుబాయ్‌లో తెలుగు సంఘాలు సంక్రాంతి సంబరాలు చేస్తాయి, కాదనను. కానీ అది హాలు ఖాళీ ఉన్న రోజు చూసుకుని చేసే సంక్రాంతి. నేల పాడవకుండా చార్టు పేపరు మీద ముగ్గులు వేయిస్తారు. రువైస్ నుంచి వెళ్లి రావాలంటే ఒక రోజు జీతం, దారి ఖర్చు. నాకెప్పుడూ కుదరలేదు, కుదిరినా వెళ్లేవాణ్ణి కాదు.

ఇక వీడియో కాల్. నేనున్న రోజుల్లో ఆ దేశంలో వాట్సాప్ కాల్ పని చేసేది కాదు, వేరే యాప్‌కి నెలనెలా డబ్బు కట్టాల్సి వచ్చేది. డబ్బు కట్టి కొనుక్కున్న కాల్లో జరిగేది ఇది. అమ్మ ఫోన్ ఎత్తుతుంది.

"తిన్నావేటి నానా?"

"తిన్నానమ్మా."

"ఏటి తిన్నావు?"

"పప్పూ అన్నం."

అంతే, అమ్మ మొహం మారిపోతుంది. వెంటనే ఫోన్ చేతులు మారుతుంది. వదిన పిండి చేత్తో పట్టుకుని "బాగున్నావా మరిదీ" అంటుంది. పిల్లల్ని లాక్కొచ్చి "బాబాయ్‌కి హేపీ సంక్రాంతి చెప్పు" అంటారు, వాళ్లు చెప్పేసి పారిపోతారు. ఎవరో ఒకరు అరిసెల పళ్లెం తెచ్చి కెమెరాకి ఆనించి చూపిస్తారు. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాడికి అరిసెలు చూపించడమేంటండీ! తెగులు కాకపోతే. ఫోన్ పెట్టేశాక ఇటు మనకి నిద్ర పట్టదు, అటు వాళ్లకి పని సాగదు. అమ్మ గారెల పిండి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకునేదని వదిన తర్వాతెప్పుడో చెప్పింది.

2019 సంక్రాంతికి ఈ తంతు తప్పింది. దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 150 కిలోమీటర్ల దాకా గాలి. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి. రెండూ ఒక్క పూటలో పడుకున్నాయి. నేను రువైస్‌లో క్యాంటీన్ టీవీ ముందు నిలబడి చూశాను. ఊళ్లో కరెంటు స్తంభాలు కూలిపోయి కొన్ని రోజులపాటు ఎవరి ఫోనూ మోగలేదు. ఎంతసేపు కొట్టినా స్విచాఫ్ అనే మాటే. ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉన్నారని చివరికి బరంపురంలో ఉండే మా అప్ప ద్వారా తెలిసింది. మా నాన్న నాటిన కొబ్బరిలో నిలబడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మళ్లీ మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. నష్టపరిహారం జాబితాలో పేరు ఎక్కడానికి మా అన్నయ్య తిరిగిన తిరుగుడు గురించి రాయమంటే ఇంకో రెండు పేజీలు రాస్తాను, వద్దులెండి.

ఆ తర్వాత వచ్చిన పండగ అది. జనవరి 15, మంగళవారం. మావైపు సంక్రాంతి రోజు పెద్దలకి పెట్టుకుంటాం. చనిపోయినవాళ్ల పేరున కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ విస్తట్లో వడ్డించి దణ్ణం పెట్టాలి. పెద్దలకి పెట్టేదాకా ఎవరూ ఎంగిలి పడకూడదు, కూరలో ఉప్పు కూడా రుచి చూడకూడదు. మాకు నాన్న ఉన్నారు ఆ వరసలో.

నేను డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి ఎనిమిదయింది. ఊళ్లో అప్పటికి తొమ్మిదిన్నర, వంటలు జోరు మీదున్నాయి. కాల్ కలిసింది. అమ్మ ఎత్తి "ఉండు నానా, నూనె కాగిపోతంది" అని ఫోన్‌ని వంటింటి గూట్లో ఆనించి వెళ్లిపోయింది. వెళ్లి మర్చిపోయింది.

నా స్క్రీన్ మీద ఇంటి దూలం, పైన పెంకులు, కేలెండరు అడుగు అంచు. తిత్లీకి ఎగిరిపోయిన చోట కొత్త పెంకులు వేశారు, అవి ఎర్రగా వేరేగా తెలుస్తున్నాయి. వాటికి డబ్బు పంపింది నేనే గానీ చూడడం అదే మొదలు. కట్ చేద్దామని బొటనవేలు పెట్టి మళ్లీ తీసేశాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, అలా వింటూ పడుకున్నాను.

గారెలు నూనెలో పడుతున్న చప్పుడు. వీధిలో గంగిరెద్దు సన్నాయి. పక్కింటి పెద్దమ్మ వచ్చి నిన్నటి భోగి మంట గురించి మొదలుపెట్టింది. ఏటా కర్రల కోసం కుర్రాళ్లు దొడ్లో దడులు పీక్కుపోయేవారు, ఈసారి ఊరంతా జీడి మొద్దులే, ఎంత వేసినా తరగలేదట. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో వినేవాడికి తెలియడం లేదు. అన్నయ్య వచ్చాడు. సంచీ కింద పెట్టిన చప్పుడు.

"కాయలు కొన్నావేటి?"

"కొన్నాను."

"మన గడపలోకి కొబ్బరికాయ కొని తేవడమేటిరా..."

కాసేపు గారెల చప్పుడే వినబడింది.

ఇంతలో నా స్క్రీన్ మీదకి ఒక చెయ్యి వచ్చింది. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఉండేది ఆ గూట్లోనే. అమ్మ చెయ్యి డబ్బా తీసుకుని వెళ్లి, మళ్లీ తెచ్చి పెట్టింది. గుమ్మడికాయ కూరలోకి. కాసేపటికి ఇంకో చెయ్యి, గాజులు వేరు, వదినది. అదే డబ్బా, అదే కూర. నాకు గుండె ఆగినంత పనయింది. కేకెయ్యాలి. కానీ గదిలో ఆరుగురం, అందరూ నైట్ డ్యూటీ వాళ్లే, అప్పుడే కళ్లు మూశారు. "అమ్మా, వదినా" అని గుసగుసగా పిలిస్తే ఆ గారెల గోలలో ఎవరికి వినబడుతుంది! అటు అమ్మేమో "ఉప్పు పడ్డాదేటే?" అని అడుగుతోంది. "ఏసినానత్తా" అంటోంది వదిన. ఇద్దరి ధైర్యం ఇద్దరిదీ. రుచి చూసే వీలు ఎవరికీ లేదు. ఆ కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని ఈ భూమ్మీద తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, అరేబియా సముద్రానికి అవతల పై బంకు మంచం మీద పడుకుని ఉన్నాను.

నాన్నకి పెట్టారు. అన్నయ్య దణ్ణం పెట్టాడు, హారతి గంట వినబడింది. విస్తళ్లు వేశారు. మా పెదనాన్న మొదటి ముద్ద పెట్టుకుని ఆగి, "కూర ఇక్కడే వండినారా, బారువ సముద్రం కాడ వండి తెచ్చినారా అమ్మా?" అన్నారు. ఇల్లంతా నవ్వులు. నువ్వంటే నువ్వని అమ్మకీ వదినకీ వాదన. అన్నయ్య ఇద్దరినీ సమర్థించబోయి ఇద్దరి చేతా తిన్నాడు. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే మంచం ఊగి, కింద బంకులో ఉన్న బీహార్ అతను కాలితో ఒక్కటి తన్నాడు. ఆ నవ్వులో ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. డ్యూటీకి లేచేసరికి అటు ఫోన్లో చార్జింగ్ అయిపోయి కాల్ కట్టయి ఉంది.

అన్ని పండగల్లోనూ నేను ఇంట్లో ఉన్నట్టు అనిపించింది ఆ ఒక్కరోజే. ఎందుకంటే ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఉన్నవాడిని పండగ రోజు ఎవరు పలకరిస్తారండీ? "అడ్డు లే" అంటారు. పలకరింపులు చుట్టాలకి.

ఆ తర్వాత ఏటా అదే పద్ధతి. ఫోన్ గూట్లో పెట్టమనేవాణ్ణి, చార్జర్ తగిలించి పెట్టమనేవాణ్ణి. మన వైపు మైకు ఆపేసుకోవాలి, లేకపోతే మన గురక అటు వినబడి పరువు పోతుంది. మాటలు ఏమైనా ఉంటే ముక్కనుమ వెళ్లాక, అందరికీ తీరికయ్యాక తాపీగా మాట్లాడుకోవచ్చు. మా సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ కాలం నుంచి క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. మా షాపు వెనక ఇంటాయన కొడుకు సింగపూర్‌లో షిప్‌యార్డులో చేస్తాడు. క్రిస్మస్ ముందు రోజు జంతికలు వండే వేళకి ఫోన్ వంటింట్లో పెట్టించుకోమని వాడికీ చెప్పాను. రాత్రి ఆరాధనకి వెళ్లేముందు పట్టుచీర ఇస్త్రీ కోసం వాళ్లమ్మా చెల్లెలూ కొట్టుకోవడం అంతా విన్నాడట, ఈ డిసెంబరుకీ అలాగే చేస్తానన్నాడు. పని చేస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అందరికీ సరిపడుతుందని మాత్రం మా అన్నయ్య కొడుకు ఒప్పుకోడు. ఇప్పుడు జర్మనీలో చదువుతున్నాడు. మొన్న సంక్రాంతికి వాడి కోసం ఫోన్ గూట్లో నేనే స్వయంగా పెట్టాను. పది నిమిషాలకి "బాబాయ్, కెమెరా తిప్పు, ఏం కనబడట్లేదు" అని ఒకటే గొడవ, తర్వాత కట్ చేసేశాడు. ఇక్కడున్నప్పుడు మాత్రం వాడు పండగ రోజు వంటింటి వైపు ఎప్పుడొచ్చాడు గనక!