ఇంటి రోబో కథ రాస్తున్న మా స్రవంతికి

సాలిగ్రామం, చెన్నై

చి. స్రవంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, అది ఉద్యోగానికి సెలవు పెట్టి నవల రాస్తుందట, అందులో రోబో అట, హత్య అట, నువ్వయినా బుద్ధి చెప్పు" అని ఏడ్చినంత పని చేసింది. గట్టిగా మాట్లాడతానని మాటిచ్చాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, మన ఇంట్లో ఒక ఆడపిల్ల థ్రిల్లర్ రాయడానికి సెలవు పెట్టిందా అని నాలో నేనే మురిసిపోయాను. ఈ మాట మీ అమ్మకి చెప్పకు. సెలవు పెట్టావు సరే, రాజీనామా మాత్రం ఇచ్చావో ఊరుకోను. బెంగళూరులో ఇంటి ఓనరుకి కథ వినిపిస్తే అద్దె తగ్గించడు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కథాసారాంశం రెండుసార్లు చదివాను. చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. పాత్రలు ఎక్కువయ్యాయి, సగం తీసెయ్యి. రోజూ కాస్తయినా రాయి. కనిపించినవాళ్ళకల్లా కథ చెప్పుకు తిరక్కు, చెప్పేస్తే రాయాలన్న దురద తీరిపోతుంది. ఆ రోబో మనుషుల మీద పగబట్టి తిరగబడే అధ్యాయం అవతల పారెయ్యి. మరమనుషుల తిరుగుబాటు కారెల్ చాపెక్ అనే చెక్ నాటకకర్త 1920లోనే రాసేశాడు. నూరేళ్ళు దాటిన సరుకుతో భయపెడతానంటే ఎవరు భయపడతారు?

వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంటు, మొగుడూ పెళ్ళాం, పాప, మంచం పట్టిన అత్తగారు, కొత్తగా కొన్న రోబో. బాగుంది. ఒక రాత్రి అత్తగారు పోవడం, అందరూ రోబోని అనుమానించడం కూడా బాగుంది. కానీ పద్దెనిమిదో అధ్యాయంలో ఉన్నట్టుండి ఆ రోబో అత్తగారి గొంతుతో సెక్యూరిటీకి ఫోన్ చేసి, "ఆ అబ్బాయిని పైకి పంపించు బాబూ" అంటుంది చూశావూ, అక్కడ నాకు ఒళ్ళు మండింది. దానికి గొంతు అనుకరించడం వచ్చని అంతవరకూ ఎక్కడ చెప్పావే?

ఇది నేను కళ్ళారా చూసిన తప్పు. డబ్బింగుకి రాకముందు నేను ఒక పేరున్న రచయిత దగ్గర రాయసం చేశాను. ఆయన పేరు వద్దులే. కోడంబాకంలో మేడ మీద గది. ఆయన వక్కపొడి నములుతూ అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే నేను రాసేదాన్ని. వారపత్రిక ఆఫీసు కుర్రాడు కింద సైకిలు స్టాండు వేసి, కాగితాల కోసం బెల్లు కొడుతూ ఉండేవాడు. సీరియల్ ఏమిటంటే, ఒక జమీందారు బంగళా, దానికి కాపలాగా విదేశం నుంచి తెప్పించిన యంత్రపు బొమ్మ. రాత్రిళ్ళు అది వరండాలో నడుస్తుంటే జనం హడలిపోయి చదివేవారు. హంతకుడు ఎవరండీ అని నేనడిగితే, "వారం వారం భయపెడుతున్నాంగా, చివర్లో చూసుకుందాం" అనేవారు.

ఆ చివరి వారం రానే వచ్చింది. కుర్రాడు కింద బెల్లు కొడుతున్నాడు. ఆయన కిటికీలోంచి చూస్తూ, "బొమ్మ జమీందారు గొంతుతో తలుపు తియ్యమంది, కాపలావాడు తీశాడు, రాసుకో" అన్నారు. రాసుకున్నాను. నాకు అప్పుడు అద్భుతంగానే అనిపించింది. తర్వాత కార్డులు సంచీలో వచ్చాయి. తెనాలి నుంచి వచ్చిన ఒక కార్డు నేనే చదివి వినిపించాను. "అయ్యా, బొమ్మకి గొంతులు వచ్చని ముందే చెప్పి ఉంటే, పిల్లవాడు బావి గట్టెక్కిన రోజు వాళ్ళమ్మ గొంతుతో వెనక్కి ఎందుకు పిలవలేదని మేం అడిగేవాళ్ళం. ఆ ప్రశ్న తప్పించుకోవడానికే తమరు దాచారు." ఆయన కార్డు నా చేతిలోంచి తీసుకుని ఆ అక్షరాలకేసి చాలాసేపు చూశారు. "వీడెవడో నాకంటే జాగ్రత్తగా చదివాడు" అన్నారు.

పుస్తకంగా వేసేటప్పుడు సరిచేద్దామని కూర్చున్నాం. మొదటి అధ్యాయంలో, బొమ్మకి మిమిక్రీ వచ్చని ఒక వాక్యం ఇరికించాం. ఇరికిస్తే బావి దగ్గర సన్నివేశం కూలింది. దాన్ని నిలబెట్టబోతే దొంగ పారిపోయే రాత్రి కూలింది. యంత్రానికి ఒక విద్య ఉందని మొదట్లో ఒప్పుకున్నాక, ఆ తర్వాత వచ్చే ప్రతి సన్నివేశంలోనూ అది ఆ విద్య ఎందుకు వాడలేదో జవాబు ఉండాలి కదా. అది చివర్లో అతికే పని కాదు. విసుగెత్తి ఆ వాక్యం కొట్టేసి, ఉన్నది ఉన్నట్టే అచ్చుకిచ్చేశారు. ఆ తర్వాత ఆయన యంత్రాల జోలికి పోలేదు, కుటుంబ కథలు రాసుకున్నారు.

అందుకని నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. విద్యని దాచకు, దాని వెనక అర్థాన్ని దాచు. రెండో అధ్యాయంలోనే పాప మారాం చేస్తుంటే రోబో నానమ్మ గొంతుతో, "అన్నం తిను బంగారం" అనాలి, ఇల్లంతా పడీపడీ నవ్వాలి. నవ్విన పాఠకుడు దాన్ని అక్కడే వదిలేస్తాడు. హిరణ్యకశిపుడి కథ చూడు. మనిషి చేతిలో గానీ మృగం చేతిలో గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ చావు ఉండకూడదని షరతులన్నీ ముందే మన చెవిన వేశారు. అన్నీ తెలిసి కూడా, సంధ్యవేళ గడప మీద నరసింహుడు కూర్చుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అమెరికాలో జాన్ క్యాంప్‌బెల్ అనే సంపాదకుడు సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదనేవాడట. చివర్లో రచయిత ఏదో కొత్త యంత్రం తీసి చూపిస్తాడు, అప్పుడు పాఠకుడు ఏం ఊహించగలడని ఆయన వాదన. ఐజాక్ అసిమోవ్ అనే రచయిత ఒప్పుకోలేదు. మనిషికి హాని చెయ్యకూడదు, మనిషి మాట వినాలి, తనని తాను కాపాడుకోవాలి అని రోబోకి మూడు సూత్రాలు 1942 కథలోనే రాసి పెట్టుకున్నాడు. తర్వాత 1950ల్లో ఒక పోలీసునీ ఒక రోబోనీ జంటగా పెట్టి, ఆ సూత్రాల లోపలే చిక్కుముడి వేసి విప్పాడు. నీ రోబో చెయ్యగలిగేవీ, చెయ్యలేనివీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో. ఛార్జింగు ఎన్ని గంటలు ఆగుతుంది, కరెంటు పోతే ఏమవుతుంది, అన్నీ.

ఇంకొకటి, నా వృత్తిలోది ఇస్తున్నాను, వాడుకో. తమిళ సినిమాకి తెలుగు డబ్బింగు చెప్పేటప్పుడు, తెర మీద నటుడి పెదవులు మూసుకున్న చోట మనం ప, బ, మలలో ఏదో ఒకటి పడేలా చూసుకోవాలి. లేకపోతే మాట ఒక దారి, మూతి ఒక దారి. నీ రోబోకి రబ్బరు పెదవులు పెట్టావుగా. తనంతట తాను తెలుగు మాట్లాడితే పెదవులు సరిగ్గా కలుస్తాయి. ఎక్కడో కూర్చున్న మనిషి ఇంగ్లీషులో చెబుతుంటే, అది తెలుగు చేసి పలికిందనుకో, మూతి ఇంగ్లీషుకి కదులుతుంది. ఒకసారి పాప పట్టేస్తుంది: "ఇవాళ దీనికి అమ్మ అనడం రాలేదు, నోరు తెరిచే ఉంది!" అందరూ నవ్వేస్తారు. చివర్లో, అత్తగారు పోయిన రాత్రి వీడియో చూస్తారు. "మందు వేసుకోండమ్మా" అంటున్నప్పుడు మూతి మూసుకోలేదు. అంటే ఆ పూట లోపల ఉన్నది రోబో కాదు.

ఇది గాలిలో మేడ కాదు. 2025 అక్టోబరులో నియో అనే ఇంటి రోబోకి 20,000 డాలర్లు ధర పెట్టి బుకింగులు తీసుకున్నారు. దానికి చేతకాని పని వస్తే, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే కంపెనీ మనిషి దూరం నుంచి దాని కళ్ళతో చూస్తూ చేయిస్తాడట. ఇక గొంతు అనుకరించడమంటావా, మూడు సెకన్ల నమూనా ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2023లోనే చూపించారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మీ అన్నయ్య అమెరికా నుంచి ఫోన్లో మాట్లాడే గొంతే నాకు కొడుకు. రేపు ఎవడో అదే గొంతుతో "అమ్మా, డబ్బు పంపు" అంటే పంపనూ? అందుకే వాడికీ నాకూ మధ్య ఒక గుర్తు మాట పెట్టుకున్నాం. నీకు కూడా చెప్పను. హాల్లో కెమెరా పెట్టించాడు, దాని మీద చేతిరుమాలు కప్పి పెట్టాను. వాడికి ఇంకా తెలీదు.

అన్నట్టు, ఆ ఇంట్లో వంట చేసే మంజుల రోబో వచ్చిన రోజే కథలోంచి మాయమైపోయిందేం? ఏళ్ళ తరబడి అత్తగారికి ఒళ్ళు తుడిచిన మనిషి, మందులు ఏ డబ్బాలో ఉంటాయో తెలిసిన మనిషి. ఉద్యోగం పోయింది సరే, కోపం, దిగులు ఉండవా? పోలీసులు మొదట ఆమె ఇంటికే వెళ్తారు, రాసిపెట్టుకో. కథ నడిమధ్యలో ఆమెని స్టేషన్లో కూర్చోబెట్టు. పాఠకుడికి ఆమె మీద జాలీ, అనుమానమూ రెండూ ఉండాలి.

మొదటి మూడు అధ్యాయాలు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి కొరియర్లో పంపు, ఫోన్లో చదివితే కళ్ళు లాగుతున్నాయి. రాత్రి పన్నెండు దాకా కూర్చోకు. ఇంతకీ ఆ రోబోని ఎవరి పేరు మీద కొన్నారో నువ్వు రాయలేదు. అత్తగారి పెన్షన్ డబ్బుతో కొని, కొడుకు తన పేరు మీద రిజిస్టర్ చేయించుకున్నాడా? అది ఎవరి మాట వినాలన్నది అక్కడే తేలిపోతుంది. తేల్చుకుని ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం పూట వద్దు, పడుకుంటాను.

పెద్దమ్మ