రష్యన్ పాటకు తెలుగు చెవి

అమ్మాయ్,

ఆశీస్సులు. రష్యన్ పాటల మీద నువ్వు పంపిన ఐదు వ్యాసాలూ చదివాను. ప్రింటు తీయించుకుని, పెన్సిల్ చేతపట్టి చదవడం నా పాత అలవాటు. నీ కాగితాల మీద గీతలు కాస్త ఎక్కువే పడ్డాయి, టెన్షన్ పడకు. "నిజం చెప్పండి మాస్టారూ, ఇవి పుస్తకం అవుతాయా?" అని అడిగావు. ఇప్పుడున్నట్టుగా అయితే అవవు. కానీ మూడో వ్యాసంలో ఒక పేరా ఉంది. అది రాసిన చెయ్యి పుస్తకం రాయగలదు.

ఆ పేరా ఏదో నీకు గుర్తుండకపోవచ్చు. సరదాకి రాసి వదిలేశావు. హాస్టల్ గదిలో ఫోన్లో ‘ను, పగదీ!’ అనే రష్యన్ కార్టూన్ చూస్తున్నావు. కుందేలు ఎప్పట్లాగే తప్పించుకుపోయింది, తోడేలు ఎప్పట్లాగే పిడికిలి బిగించి ఆ రెండు మాటలూ అరిచింది. పక్క మంచం మీది పిల్ల అర్థం అడిగితే ఏమీ ఆలోచించకుండా "ఉండు, నీ పని చెప్తా!" అనేశావు. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అంతే ఆ పేరా.

నిఘంటువులో ‘పగదీ’ అంటే ‘కాస్త ఆగు’. అందులో ‘నీ పని’ ఎక్కడా లేదు. అదంతా గొంతులో ఉంది. 1969లో మొదలైన ఆ కార్టూన్లో తోడేలుకి గొంతిచ్చిన అనతోలీ పపానొవ్ బొంగురు గొంతులో ఉంది. నువ్వు మాటను కాక గొంతును అనువదించావు. కుందేలుకి గొంతిచ్చిన క్లారా రుమ్యానొవాయే చెబురాష్కా అనే ఇంకో కార్టూన్ బొమ్మకి కూడా గొంతిచ్చిందని కనిపెట్టానని ఇంకోచోట సంబరపడ్డావు చూడు, ఆ సంబరం కూడా నాకు నచ్చింది. చెవితో కనిపెట్టిన సంగతి అది. వెతుకుపెట్టెలో కొట్టి తెచ్చుకున్నది కాదు.

ఇక మిగతావి. ‘రష్యన్ ఆత్మ’ అన్న మాట ఐదు వ్యాసాల్లో పద్నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. మంచు, వోద్కా, విషాదం వెంట వెంటనే ఉన్నాయి. ‘తస్కా’ (ఏదో తెలియని దిగులు) అనే మాటను ఏ భాషలోకీ తేలేమని ఒక పేజీ రాశావు. ఆ పేజీ ప్రపంచంలో ప్రతి రష్యన్ విద్యార్థీ ఏదో ఒకనాడు రాసిందే. నేనూ రాశాను. తీసెయ్.

అసలు ఆ ఆత్మ ఎవరిదని? నీకు ప్రాణమైన పాటకవి బులాత్ ఒకుద్జావా తండ్రి జార్జియన్, తల్లి ఆర్మీనియన్. రాక్ పాటగాడు విక్తర్ త్సోయ్ తండ్రి కొరియా సంతతివాడు. గాయని అల్లా పుగచోవా 1982లో పాడిన ఎర్రగులాబీల పాటకు బాణీ కట్టింది లాత్వియాకు చెందిన రైమండ్స్ పౌల్స్. ఆ బాణీ ముందు లాత్వియన్‌లో, అమ్మ గురించిన పాటగా పుట్టింది. తర్వాత అందులోకి గులాబీలూ, జార్జియన్ చిత్రకారుడూ వచ్చి చేరారు. వీటన్నిటినీ ‘రష్యన్ ఆత్మ’ అనే ఒక గోనెసంచిలో వేసి మూతి కట్టేస్తే నీకే నష్టం. ఒక్కొక్కటీ బయటికి తీసి చూడు.

అసలు సమస్య ఇంకోటి ఉంది. నువ్వు రష్యన్ వింటున్నావు, తెలుగులో రాస్తున్నావు, మధ్యలో ఇంగ్లీషు ఇంట్లో మజిలీ చేస్తున్నావు. ఎక్కడ మజిలీ చేశావో నాకు తెలిసిపోతోంది, ఎందుకంటే ఆ ఇంట్లో నేనూ చాలాకాలం అద్దెకున్నాను. ఒక సంగతి చెప్తాను, నవ్వుకో.

నీ వయసులో నాకు ర్యాజనొవ్ తీసిన కొత్త సంవత్సరం సినిమా ‘ఇరోనియ సుద్బీ’ (విధి వెక్కిరింత) గురించి రాసే అవకాశం వచ్చింది. 1976 జనవరి 1న మొదటిసారి టీవీలో వచ్చిన సినిమా. స్నేహితులతో ఆవిరి స్నానానికి వెళ్ళి, పూటుగా తాగి, మాస్కో బదులు లెనిన్‌గ్రాద్‌లో తేలతాడు హీరో. అదే వీధి పేరు, అదే నంబరు, అలాంటి బిల్డింగే, తాళంచెవి కూడా పడుతుంది. పేరులో రెండో సగం ‘స్ ల్యోఖ్కిమ్ పారమ్!’, మాటకి మాట ‘తేలిక ఆవిరితో!’. నా దగ్గరున్నదల్లా ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు కరపత్రం. దాన్ని చూసి ‘మీ స్నానాన్ని ఆస్వాదించండి!’ అని దర్జాగా తెలుగు చేశాను. అచ్చయింది కూడా.

కొన్నేళ్ళకి మాస్కోలో చదువుకోడానికి వెళ్ళాను. మొదటి వారంలోనే ఒక సాయంత్రం, హాస్టల్ స్నానాలగది నుంచి తల తుడుచుకుంటూ వస్తున్నాను. మా అంతస్తు కాపలా చూసే పెద్దావిడ, దెజూర్నయా అంటారు, అల్లికసూదుల మీంచి తలెత్తకుండానే "స్ ల్యోఖ్కిమ్ పారమ్" అంది. కారిడార్‌లో తువ్వాలుతో అలాగే నిలబడిపోయాను. స్నానం అయిపోయి వచ్చినవాడితో అనే మాట అది! అయిపోయిన స్నానాన్ని ఇక ఆస్వాదించేదేముంది? మా అమ్మమ్మ పసిపిల్లలకు నీళ్ళు పోయడం అయ్యాక, ఆఖరి చెంబు తల చుట్టూ తిప్పుతూ "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అనేది. ఆ మాట కూర్చునే పీట మీదే ఈ మాట కూడా కూర్చుంటుంది. అలాగని లెనిన్‌గ్రాద్ ఫ్లాట్‌లోకి శ్రీరాముణ్ణి తీసుకుపొమ్మనడం లేదు. మాట ఎప్పుడంటారో, ఎవరంటారో తెలిశాక తెలుగులో ఏం రాసినా పెద్దగా తప్పు పోదు. తెలియకుండా రాస్తే నాలాగా అచ్చులో దొరికిపోతావు.

ఇంకో మాట. మనవాళ్ళు రష్యన్‌కి భయపడతారు, ఆరు విభక్తులని. చిన్నప్పుడే డు ము వు లు ప్రథమా విభక్తి అని వల్లెవేసినవాళ్ళకి భయం దేనికో నాకర్థం కాదు. ‘మ్నె ఖోలద్న’ అంటే ‘నాకు చలిగా ఉంది’. అక్కడా ‘నాకు’, ఇక్కడా ‘నాకు’. చలివేసేది నాకు గానీ, నేను చలిని కాను. ‘ఉ మెన్యా యెస్త్’ అంటే ‘నా దగ్గర ఉంది’. ‘యా స్తుదేంత్క’ అంటే ‘నేను విద్యార్థినిని’, మధ్యలో ఇంకో క్రియ అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళకీ ‘తీ’, ‘వీ’ ఉన్నాయి. మన నువ్వు, మీరు. పుష్కిన్ 1828లో ఒక చిన్న కవిత రాశాడు. ఆమె నోరుజారి ‘మీరు’ అనబోయి ‘నువ్వు’ అనేసింది, అంతే విషయం. అతని గుండెలో కోటి ఆశలు. పైకి మాత్రం ‘మీరు ఎంత మంచివారో’ అంటున్నాడు, లోపల ‘నువ్వంటే ఎంత ఇష్టమో’ అనుకుంటున్నాడు. ఇంగ్లీషువాళ్ళు దీనికి ఫుట్‌నోట్ రాసుకోవాలి. మనకి అక్కర్లేదు. నీ నాలుగో వ్యాసంలో ప్రేమపాటలన్నిట్లో ‘నువ్వు’ పెట్టేశావు. సగం పాటల్లో అక్కడున్నది ‘వీ’. మళ్ళీ విను.

ఇక పాటకవి, నటుడు విసోత్స్కీ సంగతి. 1972 నాటి గుర్రాల పాటలో ‘ప్రివెరెద్లీవియె’ని ‘నాజూకైన’ అన్నావు. ఇది కూడా ఇంగ్లీషు ఇంటి సరుకే. అక్కడ తల్లులు ఆ మాట ఎప్పుడంటారో తెలుసా? ఇది తినను, అది వద్దు అని పిల్లాడు కంచం ముందు మారాం చేసినప్పుడు. పేచీకోరు గుర్రాలవి. అగాధం అంచున బండి తోలుతున్నాడు, ఒక చేత్తో కొరడా ఝుళిపిస్తూనే కాస్త నెమ్మదమ్మా అని బతిమాలుతున్నాడు, అవేమో మాట వినవు. ‘నా పాలబడ్డ గుర్రాలు పేచీకోరువి’ అని చదువుకో, అతని గొంతులో ఆ గరగర ఎందుకో తెలుస్తుంది. 1980 జులైలో ఒలింపిక్స్ జరుగుతుండగా మాస్కోలో పోయాడు, 42 ఏళ్ళకి. పత్రికల్లో పెద్దగా ఏమీ రాలేదు, అయినా అతను నటించిన తగాన్కా థియేటర్ ముందు జనం పోటెత్తారు. అధికారికంగా వచ్చిన రికార్డులు కొన్నే. పాటలు ఊరూరా తిరిగింది టేపు నుంచి టేపుకి ఎక్కించుకునే.

త్సోయ్ వ్యాసంలో ‘తిరుగుబాటు నాయకుడు’ అన్న శీర్షిక మార్చు. లెనిన్‌గ్రాద్‌లో ‘కమ్చాత్కా’ అని పిలుచుకునే బాయిలర్ గదిలో అతను బొగ్గు ఎత్తిపోసేవాడు. దాన్ని రెండు ముక్కల్లో దాటేశావు. అసలు రాక్ పాటగాడు బొగ్గెందుకు ఎత్తాడు? ఉద్యోగం లేకపోవడం సోవియట్ రోజుల్లో అక్కడ నేరం. కవి బ్రోద్‌స్కీకి 1964లో శిక్ష పడింది ఆ నేరానికే. ఏదో ఒక పని కాగితం మీద ఉండాలి. బాయిలర్ పనిలో షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య చేతినిండా ఖాళీ. పెద్ద సిద్ధాంతం కాదు, టైం టేబుల్ సమస్య. నీ పాఠకుడికి ఆ వేడి, ఆ పార చూపించు, నాయకుడెవరో వాడే చెప్పుకుంటాడు. అన్నట్టు, 1988 నాటి పాటను ‘రక్తవర్గం’ అన్నావు. ఎవరంటారమ్మా ఆ మాట? ఆస్పత్రిలో మనం అడిగేది బ్లడ్ గ్రూపే. చొక్కా చేతి మీద బ్లడ్ గ్రూప్ రాసుకున్న సిపాయి అతను. అఫ్ఘానిస్తాన్ యుద్ధం నడుస్తున్న రోజులవి. తెలుగు అనగానే సంస్కృతం అలమార తెరవకు.

నేను బాగా బాధపడింది మాత్రం ఎక్స్‌రే పాటల దగ్గర. అంత బంగారాన్ని మూడు వాక్యాల్లో ముగించావు! యుద్ధం అయిపోయాక లెనిన్‌గ్రాద్‌లో కొందరు కుర్రాళ్ళు ఆస్పత్రులు పారేసే ఎక్స్‌రే ఫిల్ములు పోగేసి, గుండ్రంగా కత్తిరించి, వాటి మీద నిషేధించిన పాటలు చెక్కారు. జాజ్, దేశం వదిలిపోయినవాళ్ళ పాటలు. మధ్యలో చిల్లు సిగరెట్టుతో కాల్చేవారట. నాలుగుసార్లు తిప్పితే అరిగిపోయేది. జనం దాన్ని ‘ర్యోబ్ర’ అనేవారు, పక్కటెముకలు. వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే ఎవరివో ఎముకలు కనిపిస్తాయి, ముల్లు పెడితే పాట వినిపిస్తుంది. క్షయ ఉందేమోనని తీయించుకున్న ఫిల్మో, యుద్ధంలో తగిలిన దెబ్బదో. ఆ మనిషికి తన పక్కటెముకల మీద సాక్సఫోన్ మోగుతోందని తెలియనే తెలియదు. ఆ ఒక్క పళ్ళెం మీద పదిహేను పేజీలు రాయొచ్చు. మిగతా నాలుగు వ్యాసాలు ఆగినా ఫర్వాలేదు, ముందు ఇది రాయి.

ఇప్పటి రష్యా గురించి ఏమీ రాయలేదేమని అడగను, నీ భయం తెలుసు. కానీ 2022లో యుద్ధం మొదలయ్యాక పుగచోవా దేశం వదిలిందని, త్సోయ్ ‘మార్పు’ పాట వేసినందుకు 2020లో బెలారస్ రాజధాని మిన్స్క్‌లో ఇద్దరు డీజేలను జైల్లో పెట్టారని రాయకుండా ‘ఆ పాటలు అజరామరం’ అని ఎలా ముగిస్తావు? అజరామరమో కాదో గానీ, వేసినవాళ్ళు లోపలికి పోయారు. అది చెప్పు, పేజీ ముగించు.

చివరికి, నువ్వడిగిన ఆ లైను. త్స్వెతాయెవా 1915లో రాసిన కవిత, అదే కొత్త సంవత్సరం సినిమాలో తరివెర్దియెవ్ బాణీలో పుగచోవా పాడింది. ‘మ్నె న్రావిత్స, ష్తో వీ బల్నీ నె మ్నోయ్’. చూశావా, మొదటి మాటే ‘నాకు’. చివరిది తృతీయా విభక్తి. మనం ‘జ్వరంతో ఉన్నాడు’ అంటామే, ఆ ‘తో’. కానీ ‘మీరు నాతో జబ్బుపడలేదు’ అంటే ఇద్దరం కలిసి పడలేదని అవుతుంది. నీ ‘మీరు నా ప్రేమవ్యాధిగ్రస్తులు కానందుకు’ అయితే మరీ మందుల షాపు. నేను చాలాకాలం ‘మీ జబ్బు నేను కానందుకు’ అనుకున్నాను. తర్వాత, మనకి ప్రేమ జబ్బు కాదు కదా, పిచ్చి కదా అనిపించింది. ‘మీకు పట్టింది నా పిచ్చి కానందుకు నాకు హాయిగా ఉంది.’ ఇది కుదిరింది.

రెండో పాదంలోనే చిక్కు. ‘యా బల్నా’ అంటుంది. ‘బల్నా’ అనగానే చెప్పేది ఆడమనిషని తెలిసిపోతుంది. మగాడైతే ‘బోలెన్’ అనాలి. తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే ఎవరొచ్చారో తెలీదు. పోనీలే, పోతే పోయిందనుకుని ఏళ్ళ తరబడి వదిలేశాను. మొన్న నీ ప్రింట్లు చదువుతుంటే తట్టింది. క్రియ వదిలేస్తే మన దగ్గరా ఉంది: పిచ్చివాణ్ణి, పిచ్చిదాన్ని. ‘మీ పిచ్చి పట్టినదాన్ని కానందుకు.’ ఆ ‘దాన్ని’లో ఆవిడ వచ్చి నిలబడింది. కానీ లయ విరిగిపోయింది, పాడి చూశాను, బాణీలో పట్టడం లేదు. నీ చెవి నాకన్నా చిన్నది. ఆ పాట మళ్ళీ మళ్ళీ విని, రెండు పాదాలూ పట్టేట్టు కూర్చి పంపు. ఈసారి మెయిల్ వద్దు, ఫోన్ చేసి పాడి వినిపించు.

మీ మాస్టారు