జర్మనీలో భారతీయ లైసెన్సు మార్పిడి: సమాధానం

నాలుగు నెలల క్రితం మ్యూనిక్ వచ్చిన మీరు, తెలంగాణ లైసెన్సును పరీక్ష లేకుండా మార్చుకోవచ్చా అని అడిగారు. అది కుదరదండీ, నేరుగా మార్చే దేశాల జాబితాలో భారతదేశం లేదు. ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి 6 నెలల వరకే మన లైసెన్సు చెల్లుతుంది, ఆ తర్వాత నడిపితే లైసెన్సు లేనట్టే లెక్క కాబట్టి, కంటిపరీక్ష, ప్రథమ చికిత్స శిక్షణ పత్రాలు, లైసెన్సు అనువాదం జతచేసి వెంటనే దరఖాస్తు చేసుకోండి. ఊరట ఏమిటంటే, కొత్తగా నేర్చుకునేవారికి తప్పనిసరైన తరగతుల గంటలు మీకు వర్తించవు. డ్రైవింగ్ స్కూలు వారు అవసరమన్నా ఒప్పుకోకండి. థియరీ ఇంగ్లీషులోనే రాయవచ్చు. జాగ్రత్తంతా ప్రాక్టికల్‌లోనే కావాలి: బోర్డు, సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి వదలాలి, కుడికి తిరిగేటప్పుడు అద్దంతో సరిపెట్టకుండా మెడ తిప్పి, భుజం మీదుగా సైకిలేమైనా వస్తోందేమో చూడాలి.