"కింద నొప్పి" అంటే ఎక్కడ అని డాక్టర్ అడిగితే

చెల్లీ, నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఎమ్మెస్‌కి అమెరికా వచ్చి ఏడు నెలలైంది, పీరియడ్స్ పదీ పన్నెండు రోజులు ఆగట్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంది అన్నావు. తప్పేం లేదమ్మా, ఈ వారమే వెళ్ళు.

మాది కోనసీమ, మడీ ఆచారం గట్టిగా ఉన్న ఇల్లు. అమ్మ మూడు రోజులు వసారాలో చాప మీద, కంచం వేరు చెంబు వేరు, ఏమైందంటే కాకి ముట్టుకుంది అనేవాళ్ళు. నా వంతు వచ్చాక నాకూ అదే చాప. గుడ్డలు ఎవరి కంటా పడకూడదని లంగా కింద దాచి ఆరేసేదాన్ని, ఎండ తగలదు కదా, సగం తడిగానే మళ్ళీ వాడేదాన్ని. స్నానం కూడా లంగా గుండెల మీదకి కట్టుకునే. ఎవరూ కొట్టలేదు తిట్టలేదు, ప్రేమగానే పెంచారు, కానీ ఒంటి గురించి నోరెత్తితే అపచారం అన్నది మాత్రం లోపల పాతుకుపోయింది.

2007లో డాలస్ వచ్చాక గంటకో ప్యాడ్ మార్చుకుంటూ రెండేళ్ళు గడిపాను, ఆడపుట్టుక అన్నాక భరించాలి అనుకుని. పార్కింగ్ నుంచి డెస్క్ దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. చివరికి వెళ్తే డాక్టరమ్మ నొప్పి ఎక్కడ అంది, కింద అన్నాను, కింద అంటే కాలా అని అడిగింది పాపం. నా దగ్గర మాట లేదు. మన భాషలో ఆ భాగాలకి ఉన్నవి అయితే బూతులు, లేకపోతే పుస్తకాల్లో సంస్కృతం మాటలు, ఇంట్లో అమ్మాయికి నేర్పే మాట ఒక్కటీ లేదు. బ్లడ్ టెస్ట్ చేస్తే హిమోగ్లోబిన్ 7, ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. స్కాన్‌లో ఫైబ్రాయిడ్స్, అంటే గర్భసంచిలో గడ్డలు. మీ అమ్మకి ఉన్నాయా అని అడిగితే తెలీదన్నాను, ఎప్పుడు మాట్లాడుకున్నాం గనక.

అందుకే చెప్తున్నా, ఏడు రోజులు దాటి అవుతున్నా, వరసగా కొన్ని గంటలపాటు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అది ఓర్చుకునే విషయం కాదు. నువ్వు స్టూడెంట్‌వి, ముందు యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి, ఫీమేల్ ప్రొవైడర్, అంటే చూసేది ఆడమనిషే కావాలని అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పు, ఇక్కడ అది మామూలు విషయం. గౌన్ ఇస్తారు, ముందుకి కట్టుకోవాలా వెనక్కా అని నర్స్‌ని అడుగు, పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలంటే ఉంటారు, మధ్యలో ఆపమంటే ఆపుతారు. ఇంతవరకు ఎవరితోనూ శారీరకంగా కలవలేదంటే ఆ మాట కూడా చెప్పు, చిన్న పరికరం వాడతారు. వెళ్ళే ముందు వజైనా, యూటరస్, బ్రెస్ట్ ఈ మాటలు గదిలో ఒక్కదానివే పైకి అను, నేను అద్దం ముందు నిలబడి అన్నాను, మొదటిరోజు గొంతు రాలేదు. 21 ఏళ్ళు దాటితే మూడేళ్ళకోసారి పాప్ టెస్ట్, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పరీక్ష, చేయించుకోమంటారు, చాలా ఇన్సూరెన్సుల్లో దానికి డబ్బు కట్టక్కర్లేదు, అదీ అడుగు. అమ్మావాళ్ళకి తెలుస్తుందేమో అని భయపడకు, నువ్వు మేజర్‌వి, నువ్వు ఒప్పుకోకుండా చెప్పరు.

ఇంకోటి, వ్రతాలకి అడ్డు రాకుండా అని ఇండియా నుంచి తెచ్చుకునే డేట్ పోస్ట్‌పోన్ టాబ్లెట్లు ఇక్కడి డాక్టర్‌కి చెప్పకుండా వేసుకోకు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళకి ప్రమాదం.

పూజ మానేశావా అక్కా అని అడిగావు. మానలేదమ్మా, శ్రావణ శుక్రవారం ఇప్పటికీ చేస్తాను. మన ద్రాక్షారామం మాణిక్యాంబ లాగే అస్సాంలో కామాఖ్య అమ్మవారి గుడి కూడా అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి కదా, అక్కడ ఏటా జూన్‌లో అమ్మవారు బహిష్టు అయిందని మూడు రోజులు గుడి మూసి, తెరిచాక ఎర్రటి గుడ్డముక్క ప్రసాదంగా ఇస్తారు, జనం కళ్ళకద్దుకుంటారు. ఇది తెలిసిన రోజు చాలాసేపు ఏడ్చాను. అమ్మవారి గుడ్డ కళ్ళకద్దుకునేదైతే నా గుడ్డ లంగా కింద ఎందుకు దాచాను అనిపించింది.

అమ్మకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను రిపోర్ట్ వచ్చిన రాత్రి ఫోన్ చేసి అన్నీ పేర్లతో సహా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా, "నాకూ అంతేనే, నువ్వు పుట్టాక పదేళ్ళు అలాగే పోయింది, ఎవరికి చెప్పను" అంది. మర్నాడు డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి, అమ్మకి కూడా ఇలాగే ఉండేదట, రాసుకోండి అన్నాను.