నిలువు ఫోటోకు కెమెరా తిప్పేటప్పుడు

కావలి

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఒంగోలు పెళ్లిలో నువ్వు తీసిన ఫోటోలు నిన్న రాత్రి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. అడ్డం ఫోటోలకు వంక పెట్టలేను. నిలువు ఫోటోలే సగానికి సగం కదిలాయి. లెన్స్ మంచిది కాదని నువ్వు బాధపడుతున్నట్టు మీ అమ్మ చెప్పింది. లెన్స్‌ను ఏమీ అనకు. మీ తమ్ముడు ఫోనులో తీసిన వీడియోలో నిన్ను చూశాను. కెమెరా తిప్పగానే నీ కుడి మోచేయి పక్కనున్న పేరంటాలికి తగిలేంత ఎత్తుకు లేస్తోంది. ఎడమ చేయి కెమెరా పక్కకు జారిపోతోంది. ఇక అంత బరువూ వేలాడేది కుడి చేతి నాలుగు వేళ్ల మీదే. ఆ వేళ్లతోనే మీట నొక్కితే కదలక ఏం చేస్తుంది?

బరువు మోయాల్సింది ఎడమ చేయి. అడ్డంగా తీసినా నిలువుగా తీసినా అరచేయి లెన్స్ కిందే ఉండాలి, చంటిబిడ్డ తల కింద పెట్టినట్టు. ఎడమ మోచేయి పక్కటెముకలకు ఆనాలి. కుడి చేయి వదిలేసినా కెమెరా నిలబడేంత ధీమా ఎడమ చేతిలో ఉందా లేదా చూసుకో. వైశాఖం ముహూర్తాల్లో మన నెల్లూరు ఎండకు అరచేతులు చెమటతో జారతాయి, జేబులో చేతిగుడ్డ ఉంచుకో. మెడపట్టీ కూడా చూసుకోవాలి. తిప్పినప్పుడు అది లెన్స్ ముందుకు వచ్చి పడుతుంది. నా ఫోటోల్లో నల్ల మరకగా ఎన్నిసార్లు పడిందో చెప్పను.

ఇక ఎటు తిప్పాలి? కుడి చేయి పైకి వచ్చేలా తిప్పేవాళ్లు ఉన్నారు, కిందికి వచ్చేలా తిప్పేవాళ్లు ఉన్నారు. ఎవరి పద్ధతి వాళ్లకు వేదం. కుడి చేయి కిందికి వస్తే రెండు మోచేతులూ ఒంటికి అతుక్కుంటాయి. చీకటి మండపాల్లో అది బాగా కలిసొస్తుంది. కాకపోతే కుడి కన్నుతో చూసే నీలాంటివాళ్లకు కెమెరా వీపు ముక్కు మీద పడుతుంది, తెర నిండా చెమట మరకలే. కుడి చేయి పైకి వస్తే ముక్కు కెమెరాకు పక్కగా ఖాళీగా ఉంటుంది, కన్ను హాయిగా ఆనుతుంది. మళ్లీ అడ్డానికి రావడమూ సులువు. పెళ్లిలో నేను ఇదే పట్టు పట్టేవాణ్ణి. బరువంతా ఎడమ అరచేతిలో ఉంటే పైనున్న కుడి మోచేయిని కిందికి వాలనివ్వచ్చు. అది రెక్కలా లేస్తోందంటే కుడి చేయి బరువు మోస్తోందని అర్థం.

నా మాట నమ్మి ఊరుకోకు. ఫ్లాష్ ఆపి, 50 ఎంఎం లెన్స్ పెట్టి, షట్టర్ వేగం 1/15 సెకనుకు దించు. గోడమీది క్యాలెండర్‌ను ఒక పట్టుతో పది, రెండో పట్టుతో పది తియ్యి. ఊపిరి సగం వదిలి ఆపి, మీటను మెల్లగా నొక్కు. తర్వాత అంకెలు పెద్దవి చేసి చూస్తే నీ చేతులకు ఏది నప్పుతుందో తెలిసిపోతుంది.

ఫ్లాష్ దగ్గర మాత్రం ఎటు తిప్పావన్నది నీ ఇష్టం కాదు. కుడి చేయి పైకి వెళ్తే ఫ్లాష్ నీ ఎడమ వైపుకు వస్తుంది, నీడ కుడికి పడుతుంది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. రీలు రోజుల్లో నెల్లూరులో ఒక పెళ్లి. వరుడికి ఎడమ పక్కన వధువు, అంటే నాకు కుడి వైపున. వరుడు అరడుగు ముందుకు నిలబడ్డాడు. రీలు కడిగించాక చూస్తే ప్రతి నిలువు ఫోటోలోనూ అతని భుజం నీడ అమ్మాయి చెంప మీద ఉంది. ఆ తండ్రి ఒక్క మాటా అనలేదు, మిగతా డబ్బూ ఇవ్వలేదు. అలాంటి చోట రెండో వైపుకు తిప్పు. లేదా కెమెరా తిప్పాక ఫ్లాష్ తలను మళ్లీ పైకప్పు వైపు మళ్లించు. కల్యాణమండపం తెల్లటి కప్పయితే వెలుగు మెత్తగా దిగుతుంది. షామియానా కింద ఆ పని చేయకు, గుడ్డ రంగంతా పెళ్లికూతురి ముఖానికి పూసుకుంటుంది.

నేను మొదట పట్టింది యాషికా పెట్టె కెమెరా. పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తల వంచి చూడటమే. రీలుకు 12 చతురస్రాలు. నిలువూ అడ్డం అన్న చింతే లేదు, ప్రింటు వేసేటప్పుడు కావలసినంత కోసుకునేవాళ్లం. ఆ అలవాటు నీకు పనికిరాదు. నీ 24 మెగాపిక్సెళ్ల అడ్డం ఫోటోలోంచి నిలువు ముక్క కోస్తే మిగిలేది 11 లోపే. ఫోను తెరల కోసం ఇంకా సన్నగా అడుగుతున్నారు కదా, వాళ్లకైతే నిలువు ఫోటో వెడల్పులో దాదాపు ఆరో వంతు పోతుంది. అందుకని పక్కల కాస్త చోటు వదులు, జడ చివరో పూలదండో తెగకుండా.

మనిషి కనబడితే నిలువు అని కూడా అనుకోకు. ఒంగోలు గిత్తను పట్టుకుని నిలబడ్డ రైతును నిలువుగా తీస్తే గిత్తకు తోక పోతుంది, అతని గర్వమంతా దాని మూపురం నుంచి తోక దాకా ఉంటుంది. నెల్లూరు రంగనాథస్వామి గుడి గాలిగోపురం మాత్రం నిలువునే అడుగుతుంది. కిందనుంచి కెమెరా పైకెత్తావా, గోపురం వెనక్కి వాలినట్టు పడుతుంది. వీధిలో వెనక్కి నడిచి, కెమెరా నిటారుగా పట్టుకుని తియ్యి.

వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా, ఆ క్యాలెండర్ ఫోటోలు ఇరవయ్యీ చెరపకుండా పట్టుకురా. కదిలినవే ముందు చూద్దాం.

మీ మామయ్య