నలభై గంటలు ఎగరడానికి ఎంతవుద్ది? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు నడుపుకుంటూ నలభై మూడో ఏట ప్రైవేట్ పైలట్ లైసెన్స్ (పీపీఎల్) తెచ్చుకున్నా అని పోయిన నెల ఈ పేజీలో ఒక్క లైన్ రాశా, అంతే, ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. షాపులో కూర్చుని చదివితే మా గుమాస్తా కూడా నాకూ చెప్పండి సార్ అన్నాడు. వచ్చినవాటిల్లో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నా.

పటమట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: గంటకి 15 వేలు, 40 గంటలు, మొత్తం 6 లక్షల్లో పీపీఎల్ చేతికొస్తుందని ఒక స్కూల్ వాళ్ళు చెప్పారు. నమ్మొచ్చా సర్?

లెక్క కరెక్టే అండి, ఎక్కం తప్పలేదు. కాకపోతే ఆ 40 అనేది మన విమానాల రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టిన కనీసం, అందులో 20 గంటలు మీరొక్కరే నడపాలి, ఆ 20లో మళ్ళీ 5 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఊరు దాటి వేరే చోటికి ఎగరడం, దాంట్లో ఒక ట్రిప్పు 150 నాటికల్ మైళ్ళకి తగ్గకుండా, మధ్యలో వేరే రెండు ఎయిర్‌ఫీల్డుల్లో దిగి ఆగి మళ్ళీ లేవాలి. అంటే దాదాపు 278 కిలోమీటర్లు, మన బెజవాడ నుంచి హైదరాబాద్‌కి రోడ్డు మీద ఎంతో అంత, పక్క సీట్లో ఎవరూ లేకుండా. ఇదంతా సరిగ్గా 40లో పూర్తి చేసినవాళ్ళని నేనైతే చూళ్ళేదు. నాకు 57 పట్టింది, పైన పడ్డ 17 గంటలకి 15 వేల చొప్పున రెండున్నర లక్షల పైమాటే.

ఎందుకలా అంటే గ్యాపులండి. దసరా సీజన్‌లో షాపు వదల్లేక మూడు వారాలు ఆగా, తర్వాత నేను వెళ్ళేసరికి విమానం హ్యాంగర్‌లో రిపేర్‌కి పడుంది, అది బయటికొచ్చేసరికి ఇంకో రెండు నెలలు. ఇన్నాళ్ళ తర్వాత వెళ్తే సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి పంపరు కదా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పాత పాఠమే మళ్ళీ చెప్తాడు, ఆ గంటలకి బిల్లు మాత్రం కొత్తదే. ఇంకా బాధేంటంటే నేను డబ్బంతా ముందే కట్టేశా, ఆ రెండు నెలలూ ఫోన్ చేస్తే "ఈ వారం వచ్చేస్తది సార్" అనేవాళ్ళు. అందుకే చెప్తున్నా, వాయిదాల్లో కట్టండి, స్కూల్లో విమానాలు ఎన్ని అని కాదు, ఈ రోజు ఎగిరేవి ఎన్ని అని అడగండి, అడిగి ఊరుకోకుండా పొద్దున్నే వెళ్ళి రెండ్రోజులు అక్కడ కూర్చుని కళ్ళతో చూడండి.

ఇంకోటి, మీటర్ గాల్లోకి లేచాక మొదలవదు. ఎగరడానికని విమానం తన ఇంజిన్‌తో కదిలిన దగ్గర్నుంచి మళ్ళీ వచ్చి ఆగేదాకా అంతా ఫ్లయింగ్ టైమే. రన్‌వే చివర పెద్ద విమానాలకి దారిచ్చి మీరు పది నిమిషాలు వెయిట్ చేస్తే, నిమిషానికి 250 చొప్పున 2,500 అక్కడే ఆవిరి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆటో వెయిటింగ్ ఛార్జీకి గొడవపడే మనిషిని నేను, అక్కడ నోరెత్తడానికి లేదు.

ఇవి కాక గ్రౌండ్ క్లాసులు, పరీక్ష ఫీజులు, మెడికల్, హెడ్‌సెట్, ల్యాండింగ్ ఛార్జీలు, ఊరు కాని ఊర్లో రూము, భోజనం. వాళ్ళు చెప్పే రేటులో ఏవి కలిసున్నాయి, ఏవి విడిగా అన్నది కాగితం మీద రాయించుకోండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ముందు పీపీఎల్ చేసి తర్వాత పైలట్ ఉద్యోగం అంటున్నాడు. వాళ్ళ నాన్న అరెకరం అమ్ముదామంటున్నారు.

అమ్మా, పొలం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పీపీఎల్ మీద రూపాయి జీతం రాదు, అది నాలాంటి వాళ్ళ సరదా. ఉద్యోగానికి కావాల్సింది సీపీఎల్, కమర్షియల్ లైసెన్స్, దానికి 200 గంటలు, 18 ఏళ్ళు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. పీపీఎల్ చేతిలో ఉంటేనే సీపీఎల్ ఇస్తారనే రూలేం లేదు, స్టూడెంట్ లైసెన్స్ తీసుకుని నేరుగా అటే వెళ్ళొచ్చు, ఆ స్టూడెంట్ లైసెన్స్‌కి 16 ఏళ్ళు చాలు.

డబ్బు కంటే ముందు మెడికల్ చేయించండి. మొదట క్లాస్ 2 అనే పరీక్ష, ఆ తర్వాత అంతకంటే గట్టిదైన క్లాస్ 1, సీపీఎల్‌కి క్లాస్ 1 తప్పనిసరి. రంగు చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం ఒకటి ముందు పెట్టి చదవమంటారు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలీకపోతే అక్కడే ఆగిపోద్ది, ఆ సంగతి పొలం అమ్మాక తెలిస్తే ఏం చేస్తారు చెప్పండి? ఇంకా సీపీఎల్ వచ్చిన వెంటనే ఎయిర్‌లైన్ వాడు పిలిచి సీట్లో కూర్చోబెట్టడు, ఎయిర్‌బస్ లాంటిది నడపాలంటే ఆ రకం విమానానికే టైప్ రేటింగ్ అని విడిగా శిక్షణ ఉంటది, అదీ లక్షల్లోనే. ప్రభుత్వ అకాడమీ కావాలంటే రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఉంది, ఎంట్రన్స్ రాయాలి. బాబుని ముందు ఇంటర్ పాసవ్వమనండి.

గుణదల నుంచి ఒక విద్యార్థిని: నాకు కళ్ళద్దాలున్నాయి, పనికిరానా?

పనికొస్తారమ్మా. అద్దాలతో చూపు సరిగ్గా ఆనితే చాలు, ఎగిరేటప్పుడు ఇంకో జత దగ్గర పెట్టుకోవాలి.

గన్నవరం నుంచి ఒక పాఠకుడు: తెలుగు మీడియంలో చదివా. రేడియోలో ఇంగ్లీష్ మాట్లాడాలంటే భయం.

ఆ ఇంగ్లీష్ వేరండి, అందులో వ్యాకరణం ఉండదు, ఓ యాభై అరవై మాటలే తిరిగి తిరిగి వస్తుంటాయి. మన దేశంలో విమానాల నంబర్లన్నీ వీటీతో మొదలవుతాయి, దాన్ని విక్టర్ టాంగో అనాలి, తొమ్మిదిని నైనర్ అనాలి, ఎయిర్‌పోర్ట్ టవర్‌లో కూర్చుని విమానాలకి దారి చెప్పేవాళ్ళు రన్‌వే గురించో ఎత్తు గురించో ఏదైనా చెప్తే అదే మళ్ళీ తిరిగి అప్పజెప్పాలి. ఎక్కాలు అప్పజెప్పినట్టే. రేడియోకి విడిగా లైసెన్సుంది, పరీక్ష పెడతారు. నేను మొదటిసారి బటన్ నొక్కి "అండీ" అనేశా, టవర్‌లో ఎవరో నవ్వారు, ఏం కాలేదు. అసలు కష్టం థియరీలో ఉంది, పుస్తకాలూ ఇంగ్లీషే, 70 శాతం వస్తేనే పాసు, వాతావరణం సబ్జెక్టు మాత్రం నేను రెండుసార్లు చదివినా ఎక్కలేదు.

లక్ష్మీపురం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: నాకు 61. లైసెన్స్ వస్తే నలుగురిని తలా ఇంత వేసుకుని తిరుపతి తీసుకెళ్ళొచ్చా?

వయసు అడ్డు కాదు సార్, మెడికల్ పాసవ్వాలి, పెద్దయ్యేకొద్దీ అది త్వరత్వరగా మళ్ళీ చేయించుకోవాలి. స్నేహితుల్ని ఎక్కించుకోవచ్చు గానీ నలుగురు పట్టరు, నాలుగు సీట్ల సెస్నా 172లో మీరు పోగా మిగిలేవి మూడు, వాళ్ళ బరువు, పెట్రోలు బరువు లెక్కేస్తే ఒక్కోసారి ఆ మూడూ నిండవు. ఛార్జీ లాగా డబ్బు తీసుకోవడం మాత్రం కుదరదు, పీపీఎల్ మీద సంపాదన నిషేధం. దేవుడి పేరు చెప్పినా సరే.

ఎనికేపాడు నుంచి ఒక లెక్చరర్: వేసవి సెలవుల రెండు నెలల్లో పూర్తి చేద్దామనుకుంటున్నా.

మన వేసవిలోనా? గాలి వేడెక్కితే పలచబడుద్ది, రెక్కలకి పట్టు తగ్గుద్ది, ఇంజిన్‌కీ ఊపిరాడదు. చాలామంది నేర్చుకునే సెస్నా 152 రెండు సీట్లది, 110 హార్స్‌పవర్, 1985లోనే తయారీ ఆపేశారు, అంటే మీ స్టూడెంట్ల కంటే పెద్దది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం నేనూ మా ఇన్‌స్ట్రక్టరూ, ఇద్దరం పుష్టిగానే ఉంటాం, అది ఎక్కి లేస్తుంటే ఎత్తు ముల్లు కదలనంటది. పైగా పది దాటితే నేల మీంచి లేచే వేడి గాలికి పల్లెటూరి రోడ్డు మీద స్కూటర్ ఎక్కినట్టే, కడుపులో తిప్పుద్ది. కాబట్టి వేసవిలో పనికొచ్చేది తెల్లవారుజాము, ఆ రెండు మూడు గంటల స్లాటు కోసం పదిమంది లైన్లో ఉంటారు. తర్వాత జూన్‌లో వానలు. మీరు సెలవుల్లో మెడికల్, థియరీ పూర్తి చేసుకుని, చలికాలంలో లీవు పెట్టి ఎగరండి, డబ్బులు మిగుల్తాయి.

ప్రత్తిపాడు నుంచి ఒక మిర్చి రైతు: మందు కొట్టే డ్రోన్‌కి కూడా ఈ లైసెన్సేనా?

కాదన్నా, అది వేరే. పదో తరగతి పాసై 18 నుంచి 65 ఏళ్ళ లోపుంటే చాలు, డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ తీసుకుంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తారు, పదేళ్ళు పనిచేస్తది. దీంతో కూలికి పక్క చేలకి కూడా కొట్టొచ్చు, నా లైసెన్స్‌తో నేను చెయ్యలేనిది అదే.